చామంతిని బంతితో కలిపి పీకేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పెరటి తోటల మీద వచ్చే శీర్షికను నేను క్రమం తప్పకుండా చదువుతాను. మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకున్నవారికి కూడా పనికివచ్చేలా, పెద్ద మాటలు లేకుండా రాయడం దానిలోని మంచి గుణం. అయితే ఇటీవల చలికాలపు పూల గురించి వేసిన వ్యాసంతోపాటు అచ్చయిన పట్టికలో బంతి, చామంతి, జినియా, పెటునియా, బిళ్ళగన్నేరు, జెర్బెరా అన్నింటినీ ఒకే గడిలో చేర్చి, వాటికి ఎదురుగా ‘ఏకవార్షికాలు, పూత ముగిశాక తీసివేసి కొత్తవి నాటుకోవాలి’ అని రాశారు. ఆ ఆరింటిలో ఈ మాట పూర్తిగా వర్తించేది బంతికి, జినియాకు మాత్రమే. తక్కిన నాలుగూ స్వభావరీత్యా బహువార్షికాలు, అంటే ఒక్క పూతతో ఆయువు తీరనివి. వాటిలో కొన్ని మన ఎండలకో వానలకో తట్టుకోలేక చనిపోతాయి, కొన్ని కాస్త కనిపెట్టుకుని ఉంటే ఏళ్ళ తరబడి నిలుస్తాయి. చూడడానికి ఇది చిన్న సవరణే. కానీ సంక్రాంతి వెళ్ళిన తరువాత ఏ పట్నంలోనైనా వీధి చివర చెత్త వేసే చోటు చూస్తే, వేరుమట్టితో సహా కుండీలోంచి కుదిపి పారేసిన చామంతి మొక్కలు కుప్పగా కనిపిస్తాయి. కొన్న పది పన్నెండు వారాలకే వాటికి ఆ గతి పట్టడానికి ఇటువంటి పట్టికలూ కొంత కారణమే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా బంతి సంగతి చూద్దాం, ఎందుకంటే ఏకవార్షికం అంటే ఏమిటో దానికంటే చక్కగా చూపించే మొక్క మన పెరళ్ళలో లేదు. మెక్సికో ప్రాంతం నుంచి వచ్చి మన గుమ్మాలకు తోరణమైన ఈ మొక్క, గింజ మొలిచింది మొదలు మళ్ళీ గింజ కట్టడమే పనిగా పెట్టుకుంటుంది. నారు నాటిన రెండు నెలలకు అటూ ఇటూగా పూతకు వస్తుంది, మరో రెండు మూడు నెలలు విరగబూస్తుంది, ఆ తరువాత కింది ఆకుల నుంచి పైకి ఎండుతూ వెళ్ళి నిలువునా చనిపోతుంది. ఆ ఎండిపోయే రోజుల్లో నీళ్ళు ఎన్ని పోసినా, ఎరువు ఎంత వేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అది జబ్బు కాదు. కొమ్మ కొమ్మకూ చివరనున్న పెరుగుదల మొగ్గ పూమొగ్గగా మారిపోయినప్పుడు ఆ కొమ్మకు ముందుకు సాగే దారి మూసుకుపోతుంది. ఏకవార్షికంలో దాదాపు అన్ని మొగ్గలూ అలా పువ్వులకే ఖర్చయిపోతాయి, ఆకుల్లోని సారమంతా గింజల్లోకి దిగిపోతుంది. వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచేస్తే గింజ కట్టనివ్వలేదు కాబట్టి మొక్క ఇంకొన్ని వారాలు పూస్తుంది, అంతేగాని మరో ఏడాదికి నిలవదు. బంతి కొమ్మ తుంచి తడిమట్టిలో గుచ్చితే వేరు పట్టే మాట నిజమే, మా పెరట్లో ఏటా కొన్ని అలాగే లేస్తాయి. కానీ అలా బతికినదానికి కూడా పూత, గింజ, చావు అన్న వరుస తప్పదు.

బహువార్షికం చేసే పని వేరు. అది పూసేటప్పుడు కూడా కొన్ని మొగ్గలను పూతకు ఇవ్వకుండా కాండం మొదట్లోనో, నేలలోపలి పిలకలోనో, దుంపలోనో దాచిపెట్టుకుంటుంది. పై కొమ్మలు పూసి అలసిపోయాక ఆ దాచుకున్న మొగ్గలే మళ్ళీ చిగురిస్తాయి. ఈ రెండు స్వభావాలకూ మధ్య ఉన్న గోడ మనం అనుకున్నంత మందం కాదని శాస్త్రజ్ఞులు కూడా గమనించారు: ఆవాల కుటుంబానికి చెందిన అరబిడోప్సిస్ అనే చిన్న ఏకవార్షికంలో పూతను నడిపించే రెండు జన్యువులు పనిచేయకుండా చేస్తే, ఆ గడ్డిమొక్క వంటి మొక్క కాండం చేవదేరి బహువార్షికంలా మళ్ళీ మళ్ళీ పెరగసాగిందని 2008లో బెల్జియం పరిశోధకులు ప్రకటించారు. ఇక ఏడాది అన్న లెక్క కూడా అంత గట్టిది కాదు. వెదురు దశాబ్దాలు బతికి ఒక్కసారి పూసి చనిపోతుంది. మన పూర్వులు తాళపత్ర గ్రంథాలకు ఆకు తెచ్చుకున్న శ్రీతాళ వృక్షం కూడా ముప్పై ఏళ్ళు దాటాక ఎప్పుడో ఒక్కసారి ఆకాశమంత పూత పూసి, కాయ పండి, కూలిపోతుంది. ఇవి ఏకవార్షికాలు కావు గాని, ఒక్క పూతతో ఆయువు తీరడంలో బంతికి తోబుట్టువులే. మరోవైపు ఉల్లి మొదటి కాలంలో గడ్డ ఊరి, రెండో కాలంలో ఆ గడ్డలోంచి పూకాడ వేసి గింజ కట్టి పోతుంది, కాబట్టి అది ద్వివార్షికం. గడ్డ దశలోనే మనం కూరలో వేసుకుంటాం గనుక దాని రెండో ఏడు ఎవరికీ కనిపించదు.

ఇప్పుడు చామంతి. చైనాలో పుట్టిన ఈ మొక్క అక్కడా బహువార్షికమే, ఇక్కడా బహువార్షికమే. ఇది బతికే తీరు అరటి వంటిది: గెల వేసిన బోదె పోతుంది, పక్కన పిలక నిలుస్తుంది. జనవరి నెలాఖరున పూలన్నీ గోధుమరంగుకు తిరిగి, ఆకులు ముడుచుకుపోయి, కాడలు పుల్లల్లా మారి ‘ఇక దీని పని అయిపోయింది’ అనిపించే కుండీని ఒకటి తీసుకుని, మొదట్లో వేలితో అంగుళం మేర మన్ను గీరి చూడండి. పాత కాడ చుట్టూ తెల్లగా, లేత ఊదారంగు కొనలతో, పెన్సిల్ ములుకంత మొనలు పక్కకు పాకుతూ కనిపిస్తాయి. కొన్ని అప్పటికే మట్టి పైకి వచ్చి రెండు మూడు చిన్న పచ్చని ఆకులు విప్పి ఉంటాయి. పట్టికను నమ్మి మనం చెత్తలో పారేసేది వచ్చే ఏటి తోటను.

వాటిని నిలుపుకోవడం కష్టమైన పనేమీ కాదు గాని, పని సమయానికి చేయాలి. పూత అయిపోగానే కాడలను మట్టికి నాలుగైదు అంగుళాల ఎత్తున కోసివేసి, పిడికెడు మాగిన పశువుల ఎరువు వేసి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోటికి కుండీని జరపాలి. మార్చి మొదలు మే వరకు మొక్కను పెంచాలన్న ఆశ పెట్టుకోకుండా, చావకుండా చూసుకోవడమే చాలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది మన సామెత, ఆ ఎండను కుండీలోని చామంతి నేరుగా భరించలేదు. అలాగని రోజూ కుండీ నిండా నీళ్ళు నింపితే వేళ్ళు కుళ్ళిపోతాయి. నా అనుభవంలో ఎండవేళ పోయే చామంతుల్లో సగం దాహంతో పోయేవి కావు, భయపడి ఎక్కువ నీళ్ళు పోసినందువల్ల పోయేవే. మృగశిర ప్రవేశించి నాలుగు చినుకులు పడ్డాక పాత దుబ్బును కుండీలోంచి దించి, చేవదేరిన పాత మొదలును అవతల పారేసి, వేరున్న పిలకలను ఒక్కొక్కటిగా విడదీసి కొత్త మట్టిలో నాటుకోవాలి. లేదా లేత కొనలను రెండు మూడు అంగుళాల పొడవున కోసి ఇసుకలో గుచ్చినా రెండు మూడు వారాల్లో వేరు పడతాయి. అవి జానెడు ఎత్తుకు వచ్చాక ఒకసారి, మళ్ళీ కొన్ని వారాలకు ఇంకోసారి కొనలు తుంచితే పక్క కొమ్మలు వచ్చి దుబ్బు గుబురవుతుంది. ఆగస్టు దాటాక మాత్రం తుంచకూడదు, అప్పటికి మొక్క మొగ్గ మీదికి మళ్ళడం మొదలుపెడుతుంది.

దానికి కారణం చలి మాత్రమే అనుకునేవారు చాలామంది ఉన్నారు. చామంతి ప్రధానంగా చూసేది రాత్రి పొడవు. హైదరాబాదులో జూన్ నెలాఖరున పదమూడు గంటలు దాటి ఉండే పగలు డిసెంబరు నాటికి పదకొండు గంటలకు దిగుతుంది. ఆ తగ్గుదలను గుర్తుపట్టి మొక్క మొగ్గ తొడుగుతుంది. అందుకే పూలను పండగ దాకా ఆపాలనుకునే పెంపకందారులు తోటలో రాత్రిపూట విద్యుద్దీపాలు వెలిగిస్తారు. వీధి దీపం తెల్లవార్లూ మీద పడే బాల్కనీలో చామంతి ఏపుగా పెరిగి కూడా పువ్వుకు ఆలస్యమవడం, ఒక్కోసారి అసలే పూయకపోవడం ఈ కారణం వల్లనే. అటువంటి కుండీని చూసి ‘రెండో ఏడు ఇది పూయదు’ అని నిర్ణయించి పీకేసినవారు నాకు తెలుసు. నాలుగు అడుగులు పక్కకు జరిపితే సరిపోయే పని అది.

ఈ తికమక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే పట్టిక తయారుచేసినవారిని ఊరికే తప్పుపట్టినట్టవుతుంది. దీనికి రెండు మూలాలు ఉన్నాయి. మొదటిది విత్తనాల పొట్లాల వెనుక ఉండే రాత. మంచు కురిసే దేశాల్లో పెటునియా, బిళ్ళగన్నేరు, జెర్బెరా వంటి వేడి ప్రాంతపు మొక్కలు శీతకాలంలో గడ్డకట్టి చచ్చిపోతాయి కాబట్టి, అక్కడివారు వాటిని వసంతంలో నాటి మంచుకు ముందే తీసివేస్తారు, పొట్లం మీద ఏకవార్షికమని రాస్తారు. వారి నేలకు అది సరైన సలహాయే. దానిని యథాతథంగా తెలుగులోకి దించి విశాఖ తీరానికీ, రామగుండం ఎండకూ, అనంతపురం కరవు నేలకూ వర్తింపజేస్తే ఎలా కుదురుతుంది? మన దగ్గర మొక్కను చంపేది మంచు కాదు, ఏప్రిల్, మే ఎండ, ఆ తరువాత ఆగకుండా పట్టే ముసురు. మన రెండు రాష్ట్రాల్లోనే లంబసింగి, అరకు చలిలో హాయిగా ఉండే మొక్క గోదావరి లంకల ఉక్కపోతలో నిలవకపోవచ్చు.

రెండో మూలం పొలం లెక్కలు. ఉద్యానశాఖ కరపత్రాల్లో చామంతికి కొన్ని నెలలని పంట కాలం రాసి ఉంటుంది. అది తోట భూమిలో ఉండే కాలమే గాని మొక్క ఆయుష్షు కాదు. చేవెళ్ళ, శంషాబాద్ వైపు చామంతి వేసే రైతు ఏటా పాత తోట దున్నేసి కొత్త కొమ్మలు నాటడంలో పూర్తి వివేకం ఉంది: పూత అంతా ఒకేసారి రావాలి, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పువ్వు ఒకే సైజులో పోవాలి, ఖాళీ అయిన మడిలో మరో పంట వేసుకోవాలి. ఆ రైతు కూడా తల్లి మొక్కలను ఒక మూల అట్టిపెట్టుకునే కొత్త తోట వేస్తాడన్న సంగతి కరపత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, పట్టికకు ఎక్కదు. నిజానికి మన పంటల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కంది, ఆముదం, పత్తి, మిరప, వంగ ఇవన్నీ వదిలేస్తే ఒక ఏడాదికి మించి బతకగలిగినవే. వత్తుల కోసం పెరటి గోడ పక్కన పెంచుకునే పత్తి చెట్టు ఏళ్ళ తరబడి కాయడం చూసినవారికి ఈ మాట కొత్తగా ఉండదు.

పెటునియా విషయంలో మీ పట్టిక ఫలితం దృష్ట్యా తప్పు కాదు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్కను ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో మొలకెత్తించి డిసెంబరు నుంచి మార్చి దాకా పూయించుకుంటే, ఏప్రిల్ ఎండకు జిగురు జిగురుగా ఉన్న ఆకులు వాలిపోయి చనిపోతుంది. దాన్ని దాటించడానికి పడే శ్రమ కంటే కొత్త నారు పోసుకోవడమే మేలు, నేనూ అంతే చేస్తాను. కానీ చెట్టు తన గడువు తీరి పోవడం వేరు, మన ఎండకు పోవడం వేరు. ఆ తేడా తెలిసినవారు హార్సిలీహిల్స్ వంటి చల్లని చోట ఉంటే దానిని పీకకుండా కత్తిరించి చూస్తారు. జెర్బెరా దక్షిణాఫ్రికా బహువార్షికం, పాలీహౌస్‌లలో ఒకసారి నాటిన మొక్క మీద రెండు మూడేళ్ళు పూలు కోస్తారు. ఇళ్ళలో అది మొదటి వర్షాలకే పోవడానికి ప్రధాన కారణం నాటేటప్పుడు దాని మధ్య మొవ్వను మట్టిలో కప్పెట్టడం. మొవ్వ మట్టి మీదికి తేలి ఉండేలా నాటితే సగం బాధ తప్పుతుంది. డాలియా మీ పట్టికలో లేదు గాని ఇదే సందర్భంలో చెప్పుకోదగినది: పైన కాడ ఎండినా కింద దుంపలు బతికే ఉంటాయి, వాటిని తవ్వి పొడి ఇసుకలో నీడన దాచితే చల్లబడ్డాక మళ్ళీ మొలుస్తాయి.

బిళ్ళగన్నేరును ఏకవార్షికమనడం మాత్రం నాకు ఏ విధంగానూ మింగుడు పడలేదు. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ మొక్క గోడ పగుళ్ళలో, సిమెంటు మెట్ల సందుల్లో, ఎవరూ చుక్క నీరు పోయని శ్మశానపు గట్టు మీద కూడా పన్నెండు నెలలూ పూస్తూనే ఉంటుంది. దేవుడి పూజకు రోజూ పువ్వు ఇచ్చే ఈ మొక్కలోంచే రక్త క్యాన్సర్ల చికిత్సలో వాడే విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ మందులు తీశారు. ఊదా, తెలుపు రంగుల నాటు రకం మొదలు చేవదేరి కొన్నేళ్ళు నిలుస్తుంది. కాడలు బారుగా సాగి కింద బోసిపోయినప్పుడు సగానికి కత్తిరిస్తే మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది. నర్సరీల్లో దొరికే పెద్దపూల సంకర రకాలు వానాకాలంలో ఒక్కసారిగా వాలిపోయి చావడం వల్లనే దీనికి ఏకవార్షికమన్న ముద్ర పడిందని నా అనుమానం. అది మొదలుకుళ్ళు తెగులు, తడి నిలిచే కుండీలో వచ్చేది. నీరు జారిపోయే మట్టి వేసి, ముసురు పట్టినప్పుడు చూరు కిందికి జరిపితే చాలావరకు నిలుస్తుంది.

దీనికి ఎదురు దిశలో జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. ఏటా అదే చోట కనిపిస్తుంది కాబట్టి బహువార్షికమని అనుకోవడం. కాశీరత్నం తీగ, గులాబీరంగు పూల చిలకగోరింట, సీతమ్మ జడ, ఇవన్నీ ఏకవార్షికాలే. రాలిన గింజ తొలకరికి తనంత తాను మొలిచి పాత మొక్కే తిరిగి వచ్చినట్టు భ్రమింపజేస్తుంది. అదే కంచె మీద కాశీరత్నం పక్కన పాకే శంఖుపుష్పం మాత్రం బహువార్షికం, దానిని మొదట్లోకి కత్తిరించినా చిగురిస్తుంది. ఈ రెంటినీ విడదీసి చూడడానికి తొలకరి వేళ నేలను దగ్గరగా గమనిస్తే చాలు. గింజ నుంచి వచ్చిన మొలకకు సన్నని మెడ మీద ఎదురెదురుగా రెండు పప్పుటాకులు ఉంటాయి, అవి తరువాత వచ్చే అసలు ఆకులకు పోలిక లేకుండా ఉంటాయి. పాత వేరు నుంచి వచ్చిన చిగురు మొదటి రోజే లావుగా, అసలు ఆకులతోనే మట్టిని చీల్చుకుని వస్తుంది. చంద్రకాంత దగ్గర ఈ రెండు రకాలూ ఒకే గజం నేలలో చూడవచ్చు. సాయంత్రం నాలుగు దాటాక పూలు విప్పే ఈ మొక్క మిరియాల వంటి నల్లటి గింజలు విరివిగా రాల్చుతుంది, అదే సమయంలో నేలలో ముల్లంగిని మించిన దుంప కూడా ఊరుతుంది. ఎండాకాలంలో పైభాగం మాయమైపోయిందని ఆ చోటు తవ్వి మరో మొక్క నాటబోయినవారికి పలుగుకు తగిలే నల్లని దుంప అదే.

ఈ తేడా పెరటికే పరిమితం కాదు. బతుకమ్మను పేర్చేటప్పుడు తంగేడు, గునుగు పక్కపక్కనే పళ్ళెంలోకి వస్తాయి. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు బహువార్షికమైన పొద, కొమ్మలు ఎన్ని విరిచినా మొదలు పెళ్ళగించనంత కాలం మళ్ళీ పూస్తుంది. గునుగు ఏకవార్షికం, ఈ ఏడు గింజ రాలితేనే వచ్చే ఏడు పువ్వు. చేను గట్లను, బీడును పూత దశలోనే కలుపు మందుతో మాడ్చేస్తే దానికి మరో దారి ఉండదు. గునుగు కోసం ఊరు దాటి ఇంకా ఇంకా దూరం పోవలసి వస్తోందని పెద్దవాళ్ళు అంటున్న మాటకు ఇదొక కారణమై ఉంటుందని నేను అనుకుంటున్నాను. తంగేడును కాపాడుకోవాలంటే దాని నేలను కాపాడాలి, గునుగును కాపాడుకోవాలంటే ఒక మూల దానిని గింజ పండేదాకా వదిలేయాలి.

కనకాంబరం గురించి మీ శీర్షికలో గతంలో మంచి వ్యాసమే వచ్చింది గనుక క్లుప్తంగా చెబుతాను. దక్షిణ భారతం, శ్రీలంకలు పుట్టిళ్ళైన ఈ మొక్కను రైతులు రెండు మూడేళ్ళు ఉంచి దిగుబడి తగ్గగానే మారుస్తారు, ఇంటి ముందు ఒకటి రెండు దుబ్బులైతే కత్తిరించుకుంటూ అంతకంటే ఎక్కువ కాలం పెంచుకోవచ్చు. నాటు రకం కాయ తడి తగలగానే చిటపటమని పేలి గింజ చల్లుకుంటుంది. మార్కెట్‌లో విరివిగా ఉన్న ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు, కొమ్మతోనే పెరగాలి. కాబట్టి దానిని ఏకవార్షికమనుకుని పీకేసిన ఇంట్లో మళ్ళీ మొలిచేది ఏమీ ఉండదు. మల్లెకు ఏడాదికోసారి ఆకు దూసి కత్తిరించాలనీ, నేలసంపెంగ గడ్డలను రెండు మూడేళ్ళకోసారి తవ్వి విడదీయాలనీ చాలామందికి తెలుసు. సంక్రాంతి ముగ్గుల వేళకు పూసే డిసెంబరం పొద కూడా తరువాత బోసిగా ఉన్నంత మాత్రాన చచ్చినట్టు కాదని మాత్రం గుర్తుచేయాలి.

పీకేసి మళ్ళీ కొనడం వల్ల నర్సరీలకు వ్యాపారం అవుతుందన్న వాదన నేను విన్నాను. కడియం, కడియపులంక నర్సరీల్లో పని చేసేవారితో నేను మాట్లాడినంతలో, అడిగితే వారు దాచకుండా చెబుతారు, ఏ మొక్కకు పిలక వస్తుందో, ఏది ఎండకు ఆగదో వారికి తెలిసినంత మనకు తెలియదు. చిక్కల్లా వారిని అడిగేవారు తక్కువ కావడం, పట్నంలో దుకాణాల ముందు నిలబెట్టి అమ్మే కుండీల మీద చెప్పేవారెవరూ లేకపోవడం. అక్కడ ఆ పని పత్రికే చేయాలి.

అందువల్ల నా విన్నపం ఇది. ఇకమీదట మీ శీర్షికలో పూల పట్టిక వేసినప్పుడు ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఆ మొక్క స్వభావం ఏమిటి, మన ఎండకూ వానకూ అది ఇక్కడ ఎంతకాలం నిలుస్తుంది, దానిని కొనసాగించేది గింజా, పిలకా, దుంపా, కొమ్మా అన్న వివరాలను వేరువేరు గడుల్లో ఇవ్వండి. కోస్తాకు, సీమకు, తెలంగాణ మెట్ట ప్రాంతానికి, ఏజెన్సీ కొండలకు జవాబు వేరైన చోట ఆ సంగతి కూడా రాయండి. వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం పూల విభాగాలవారిని సంప్రదిస్తే ఇది పెద్ద శ్రమ కాదు. విత్తన పొట్లం వెనుక రాత కంటే వారి మాట మన నేలకు దగ్గరగా ఉంటుంది.

పూర్తి పట్టికకు కొంత సమయం పడితే, కనీసం చామంతి గురించిన సవరణనైనా సంక్రాంతికి ముందు వచ్చే ఆదివారం సంచికలో వేయవలసిందిగా కోరుతున్నాను. పండగ అయ్యాక వేస్తే ఈ ఏటికి అప్పటికే కుండీలు ఖాళీ అయిపోయి ఉంటాయి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం